మంచులో ముందు వెళ్లిన సైకిల్

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. ఏలూరులో హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా నాన్నగారు చర్చిలో పెద్ద. ఇంట్లో ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే అక్కడికక్కడే మాట మార్పించేవారు. ఇప్పుడిది రాయడం కూడా ఎవర్నో నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి బయట పెడితే మనసు తేలికపడుతుందేమోనని.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించిన తర్వాతి చలికాలం అది. మా ఊళ్లో కొంతమంది కలిసి ఆదివారం పొద్దున్నే సైకిళ్ల మీద కొల్లేరు వైపు వెళ్లేవాళ్లం. బాగా తొక్కేవాళ్లు కైకలూరు దాకా వెళ్లి వచ్చేవారు. మధ్యరకం వాళ్లు సరస్సు మధ్యలో ఉన్న పెద్ద వంతెన దాకా. కొత్తవాళ్లది మూడో బ్యాచ్. సరస్సు మొదట్లో ఆగి, పక్షుల్ని చూసి, టిఫిన్ తిని వెనక్కి వచ్చేయడమే మా పని. రిటైరైన బ్యాంకు ఉద్యోగి మూర్తిగారు మా బ్యాచ్‌ని నడిపించేవారు.

మా అక్క కరుణ తాడేపల్లిగూడెంలో టీచరు. చిన్నప్పట్నుంచీ షుగర్, రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఎక్కడ పడిపోతుందోనని అమ్మ దాన్ని ఏనాడూ సైకిలెక్కనివ్వలేదు. అమ్మ పోయాక అక్క బాగా డీలా పడిపోయింది. స్కూలు, ఇల్లు తప్ప మరో లోకం లేదు. నేనే బలవంతం మీద రప్పించి, మా కాలనీ గ్రౌండులో సైకిల్ నేర్పించాను. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా గ్రౌండు చుట్టి వచ్చిన రోజున చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం రైలెక్కి మా ఇంటికొచ్చేసేది.

ఆ ఆదివారం మంచు విపరీతంగా కురిసింది. తెల్లవారి చాలాసేపైనా ముందున్న సైకిల్ తప్ప ఏమీ కనిపించడం లేదు. సగం దారిలో మా బ్యాచ్‌లో ఒకావిడ సైకిల్ చైన్ ఊడి చక్రంలో ఇరుక్కుంది. మూర్తిగారూ నేనూ దాంతో కుస్తీ పడుతుంటే, అక్క తను మెల్లగా ముందుకెళ్తూ ఉంటానంది. రోడ్డు తిన్నగానే ఉంది. అందరం ఆగేది మామూలుగా ఆగే చోటే.

మేం అక్కడికి చేరేసరికి అక్క లేదు.

అక్కడి టీ కొట్టతన్ని అడిగితే ఆడమనిషి ఎవరూ రాలేదన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. అక్క పొద్దున్న ఇన్సులిన్ తీసుకుంది. తినాల్సిన ఇడ్లీల డబ్బా నా సైకిల్ బుట్టలో ఉంది. అక్క ఫోను కూడా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. వేళకి తినకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు రెండుసార్లు చూశాను.

"మీరు కంగారు పడకండమ్మా, నేను రోడ్డంట చూసొస్తాను, మీరిక్కడే ఉండండి," అన్నారు మూర్తిగారు.

ఉండలేకపోయాను. సైకిల్ తిప్పి వచ్చిన దారినే వెనక్కి తొక్కాను. రోడ్డుకి ఓ పక్కన చెరువుల గట్లు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి వెళ్తుంటాయి. ఆ మంచులో అన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రతి గట్టు మొదట్లోనూ ఆగి "అక్కా" అని అరిచాను. గొంతు బొంగురుపోయింది. నీళ్ల మీద పక్షులు లేచిన చప్పుడు తప్ప జవాబు లేదు. ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. "ఇది కూడా వద్దు ప్రభువా, ఇది కూడా వద్దు" అని అదొక్కటే అనుకుంటూ తొక్కాను.

అప్పుడు కనబడింది. ఒక గట్టు మీద, కాస్త లోపలగా, సైకిల్ తొక్కుకుంటూ వెళ్తోంది. నేనిచ్చిన మెరూన్ స్వెట్టరు, లోపల ఆకుపచ్చ చుడీదారు. ఎడమ భుజం కొంచెం పైకెత్తి తొక్కడం దానికి అలవాటు. అచ్చం అలాగే తొక్కుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు మండుకొచ్చింది కూడా.

"అక్కా, ఆగు. ఎక్కడికే అలా వెళ్తున్నావు?"

ఆగలేదు. వెనక్కి తిరగలేదు. నేను గట్టిగా తొక్కితే అందాలి, ఎందుకంటే అక్క ఎప్పుడూ నాకన్నా నిదానమే. కానీ ఎంత తొక్కినా మా మధ్య దూరం తగ్గలేదు. గట్టు ఒకచోట మలుపు తిరిగింది. అక్కా తిరిగింది. నేనూ తిరిగాను. మరో మలుపు. ఇంకాస్త ముందుకెళ్లాక మంచు ఒక్కసారి చిక్కబడింది. మళ్లీ పలచబడేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

బ్రేకు వేసి దిగాను. నాలుగడుగుల అవతల గట్టు లేదు. తెగిపోయి ఉంది, కింద నీళ్లు. పడిపోయిందనుకుని అంచుకి పరిగెత్తాను. నీళ్లు కదలడం లేదు.

అక్క ఆ నీళ్లలో లేదు. వెనక్కి తిరిగితే, నేను దాటొచ్చిన చోటే గట్టు వాలులో కనబడింది. సైకిల్ కాళ్ల మీద పడి ఉంది. నడుం దాకా నీళ్లలో, చెంప గుర్రపుడెక్క ఆకుల మీద. స్పృహ లేదు. స్వెట్టరు పూర్తిగా తడిసి బరువెక్కింది. ఒళ్లు చల్లగా, వేళ్ల చర్మం నాని తెల్లగా ముడతలు పడి ఉంది. చాలాసేపటి నుంచీ ఆ నీళ్లలో పడున్న మనిషి అది.

ఎలాగో పైకి లాగాను. బ్యాగులో గ్లూకోజ్ పొడి ఉంటే తడివేలితో అద్ది చిగుళ్లకి రాస్తూ, పేరు పెట్టి పిలుస్తూ, ఎవరైనా రండని అరుస్తూనే ఉన్నాను. పక్క చెరువు కాపలా అతను దోనె వేసుకుని వచ్చాడు. కాసేపటికి నా అరుపులు పట్టుకుని, సైకిల్ రోడ్డు మీదే వదిలేసి మూర్తిగారూ వచ్చారు. అక్క కనురెప్పలు కదలడం మొదట ఆయనే చూశారు.

"ఇటెందుకు వచ్చారండీ? ఈ గట్టు తెగిపోయి చాన్నాళ్లయిందండి. మేమే ఇటు రామండి," అన్నాడు కాపలా అతను.

ముగ్గురం కలిసి అక్కను మోసుకొస్తుంటే మూర్తిగారు ఒక్కసారి కిందికి చూసి ఆగారు. మంచుకి గట్టంతా మెత్తబడి ఉంది. లోపలికి వచ్చిన సైకిల్ చారలు రెండే. ఒకటి నాది. రెండోది అక్క పడిపోయిన చోట వాలులోకి దిగిపోయింది. అక్కణ్ణుంచి తెగిన చోటు దాకా ఉన్నది నా చార ఒక్కటే. నేను చూసింది ఆయనకి చెప్పాను. ఆయన ఆ చారల్ని మరోసారి చూసి, అక్కను సరిగ్గా పట్టుకుని ముందుకు నడిచారు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏలూరు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కాక మధ్యాహ్నానికి అక్క మాట్లాడింది. మొదట నామీదే కోప్పడింది.

"అంతలా పిలిస్తే ఒక్కసారైనా వెనక్కి చూడవేమే?"

అర్థం కాలేదన్నాను.

"నా ముందు వెళ్లింది నువ్వే కదా. నీ వీపు చూసుకుంటూనే వచ్చాను. రోడ్డు దిగి గట్టు మీదికి తిరిగావు, నేనూ తిరిగాను. ఆగు సుధా, కళ్లు తిరుగుతున్నాయి, డబ్బా ఇటియ్యి అని ఎంత మొత్తుకున్నానో. నువ్వు వెళ్తూనే ఉన్నావు."

ఆ సమయానికి నేను ఎక్కడో వెనక రోడ్డు మీద, చేతులకి గ్రీజుతో, చైన్ లాగుతూ కూర్చున్నాను. పక్కన ఇద్దరున్నారు.

షుగర్ బాగా పడిపోయినప్పుడు మెదడు లేనివి చూపిస్తుందని డాక్టరుగారు చెప్పారు. అక్క విషయంలో ఒప్పుకుంటాను. నాకు షుగర్ లేదు. అంత భయంలో ఉన్నదాన్ని కాబట్టి వెతుకుతున్న మనిషే కనబడిందని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. ఉన్నది కనబడకపోయినా భయానికి లేనిది కనబడొచ్చు. కానీ అన్ని గట్లలో ఆ గట్టే ఎలా కనబడింది? మలుపులు ఎలా తెలిశాయి?

అక్క కోలుకుంది. తాడేపల్లిగూడెంలో ఇంటి చుట్టుపక్కల ఇప్పటికీ సైకిల్ తొక్కుతుంది. కొల్లేరు వైపు మాత్రం మేమిద్దరం మళ్లీ వెళ్లలేదు.

ఆ రోజు నన్ను అక్క దగ్గరికి చేర్చిందెవరో గానీ, వాళ్ల కోసం ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుందామని చాలాసార్లు మోకరించాను. అక్కను అక్కడికి తీసుకెళ్లిందీ వాళ్లేనేమో అనిపించి ప్రతిసారీ మధ్యలోనే లేచిపోయాను. రెండిటిలో ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు.