పేరులో ప్రశ్న గుర్తు

పెద్దకోడలికి ఆ ఆఫీసులో పదహారేళ్ల సర్వీసు. ఫైళ్లను వాటి పాత రూపాలతో సహా భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం అక్కడి పని. ఆమె తోటికోడలు నిన్నగాక మొన్న అక్కడే చేరింది. వచ్చీరాగానే అందరి నోటా దాని పేరే. ఇంటికొస్తే అత్తగారి నోటా అదే పేరు! పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది.

కొన్ని కంప్యూటర్లు ఫైలు పేరులో ప్రశ్న గుర్తు ఉన్నా ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. "అలాంటి ఫైలును మన సాఫ్ట్‌వేర్ గుమ్మంలోనే ఆపెయ్యాలి" అంది పెద్దకోడలు మీటింగులో.

"పాపం, రానిద్దాం అక్కా. పేరు పడని కంప్యూటర్‌లో ఆ ఒక్క గుర్తు మార్చి చూపిద్దాం, అసలు పేరు గుర్తుపెట్టుకుందాం" అంది చిన్నకోడలు.

మేనేజరు చిన్నదాని మాటకే తలూపాడు. వారం తిరక్కుండా ఆ మార్పు పెట్టేశారు కూడా.

ఆ మార్పు పెట్టిన రోజు మధ్యాహ్నమే పెద్దకోడలు కసితీరా ఒక ఫైలు రాసుకుంది. చిన్నదాని నవ్వు, నడక, జీతం, ఏదీ వదల్లేదు. దానికి "అన్నీ దానికేనా?" అని పేరు పెట్టింది. ఆమె కంప్యూటర్ కిమ్మనకుండా తీసుకుంది. సాయంత్రం ఇంటికెళ్లే హడావుడిలో పని ఫైళ్లతో పాటు అదీ ఆ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేసింది, ఆఫీసులో అందరికీ వెళ్లిపోయింది.

బ్యాగు భుజాన వేసుకుంటుండగా తెరమీద ఆ సంగతి చూసింది. తను చెప్పినట్టు చేసుంటే ఆ ఫైలు గుమ్మం దాటేదే కాదు.

పక్క బల్ల దగ్గర చిన్నకోడలు మెల్లగా కుర్చీ తిప్పింది.

"అక్కా, నీ ఫైలు వచ్చింది. పేరులో ఆ గుర్తొక్కటే మారింది. లోపల అక్షరం పొల్లుపోలేదు."