బటన్ల మిషన్‌కు కట్టిన అట్టముక్క

ఈ ఉదయం వంటింటి అలమరలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి కనిపించింది. కాన్‌బెర్రాలో జూన్ చలి మొదలైందంటే ఇంతే. మూత వదులు చేసి, సీసాను ఎండపడే కిటికీ గట్టు మీద పెట్టాను. కరుగుతున్న నూనె వాసన నెమ్మదిగా గదిలోకి వస్తుంటే ఈ ఊళ్లోనే, గంగాలిన్‌లో మా వెనక వీధిలోని ఒక గ్యారేజీ గుర్తొచ్చింది. అందులో వరసగా ఏడు పాత వాషింగ్ మిషన్లు, వాటి మధ్య చిన్న స్టూలు మీద కూర్చున్న సుదర్శనం అంకుల్.

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. మా ఆయన ఉద్యోగం వల్ల ఒక నవంబరులో ఇక్కడికొచ్చాం. పగళ్లు ఎలా గడపాలో తెలియక లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని నేను పూర్తిగా చదివిన మొదటి ఇంగ్లిష్ పుస్తకం ఇంట్లో వాడే యంత్రాల మరమ్మతు గురించినది. మోటారు ఎందుకు తిరుగుతుందో అర్థమైన రోజు ఎవరో పిలిచి పట్టా ఇచ్చినట్టనిపించింది. జనవరిలో ఒకరోజు లైబ్రరీ బల్లకు అటువైపు కూర్చున్న పెద్దాయన ఆ పుస్తకాన్నీ, పక్కనున్న తెలుగు నిఘంటువునూ చూసి, "దీన్ని పట్టుకెళ్లింది నువ్వేనా అమ్మా? రెండు వారాల్నించి నీ కోసమే వెతుకుతున్నాను" అన్నారు. ఆయనే అంకుల్. కాకినాడ నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చి, ఇక్కడ ప్రభుత్వాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

ఆ వారం నుంచే ఆయన గ్యారేజీకి వెళ్లసాగాను. ఆయన దాచుకున్న మిషన్లన్నీ బటన్లవే. మీగడరంగు రేకు, పైన హార్మోనియం మెట్లలా వరసగా లావుపాటి బటన్లు. ఒకటి నొక్కితే అంతకుముందు నొక్కినది టక్కున పైకి లేస్తుంది. "ఇప్పటివాటి మీద వేలు ఆనిస్తే ఏం జరిగిందో తెలీదు. ఇది చూడు, ఏం నొక్కావో నీ కళ్లముందే ఉంటది" అనేవారు. అరిగిన బటన్లను మార్చనిచ్చేవారు కాదు. ఒకదాని మీద వేడినీళ్ల బటన్ అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. "పసిపిల్లలున్న ఇల్లయ్యుంటది. ఆ తల్లి రోజుకెన్నిసార్లు నొక్కిందో పాపం" అని దాన్ని బొటనవేలితో నిమిరేవారు. అప్పటినుంచి నాక్కూడా అరిగిన వస్తువు చూస్తే దాన్ని అరగదీసిన చెయ్యి కనిపిస్తుంది. ఆంటీ టీ తెచ్చి, "ఏడుగురు సవతులమ్మా నాకు. ఒక్కతీ బట్టలుతకదు" అని నవ్వేవారు.

ప్రతి మిషన్‌కూ పురికొసతో ఒక అట్టముక్క కట్టి ఉండేది. ఏం పాడైంది, ఏం చేశాం అని రాశాక, కింద 'నేను చేసిన తప్పు' అని ఒక గీత. అంకుల్ అట్టల్లో ఆ గీత ఎక్కడా ఖాళీగా లేదు. ఫిబ్రవరిలో నాకొక మిషన్ అప్పగించారు. పుస్తకం చూసి బెల్టు మార్చాను, తుప్పు గీకాను, వెనకనుంచి బటన్లు జారే పట్టాలకు రెండేసి చుక్కల నూనె వేశాను. ఏడు బటన్లూ మెత్తగా దిగాయి. తప్పు దగ్గర ఏం రాయాలని అడిగితే, "ఉంటే రాయి" అన్నారు. నేను గర్వంగా ఖాళీ వదిలేశాను.

జూన్‌లో అంకుల్ ఒక మాట చెప్పారు. తెలిసిన మరమ్మతుల షాపాయనకు మనిషి కావాలట. "సాటర్డే ఆర్వో, అదే మధ్యాహ్నం, గ్రెగ్ వస్తాడు. నీ సర్టిఫికెట్లు అడగడు, నీ మిషన్ చూస్తాడు." చదువు లేని నాకు ఈ దేశంలో అలాంటి అవకాశం మళ్లీ వస్తుందని అనుకోలేదు. ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు.

గ్రెగ్ వచ్చాడు. ఫిబ్రవరి తర్వాత మళ్లీ ఇప్పుడే మొదటి బటన్ నొక్కాను. కదల్లేదు. రెండోది కూడా. బలమంతా పెట్టబోతే, "గట్టిగా నొక్కకమ్మా, విరుగుద్ది" అన్నారు అంకుల్. సాయం చేస్తారేమోనని చూశాను. ఆయన చేతులు స్వెట్టర్ జేబుల్లోనే ఉన్నాయి. "నీ మిషన్. నువ్వే చూడు."

ప్లగ్గు తీసి పైరేకు విప్పాను. పట్టాలనిండా కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఏదో పేరుకుంది. చూడగానే తెలిసింది. పుస్తకంలో పల్చటి నూనె అని ఉంటే, మా అమ్మ కుట్టుమిషన్‌కూ తలుపు గడియలకూ వేసే కొబ్బరినూనే వేశాను. మా ఊళ్లో చలికాలం పొద్దున కాస్త పేరుకున్నా ఎండెక్కగానే కరిగేది, ఇంత గట్టిగా బిగియడం ఏనాడూ చూడలేదు. ఇక్కడి చలికాలం నాకదే మొదటిది.

"స్ప్రింగ్ పోయిందా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు గ్రెగ్. అవునంటే సరిపోయేది. పాత మిషన్, ఎవరూ తప్పుపట్టరు. నా చూపు అట్టముక్క మీది ఖాళీ గీత మీద పడింది.

"నో. మై మిస్టేక్. కోకోనట్ ఆయిల్."

"వాట్, ద కుకింగ్ వన్?"

"హెయిర్‌కి కూడా సేమ్" అన్నారు ఆంటీ గుమ్మంలోంచి. జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి నా చేతికిస్తూ, "దువ్వెన కూడా తెమ్మంటావా?" అన్నారు. వేడిగాలికి నూనె కరిగింది. గుడ్డతో తుడిచి, అంకుల్ డబ్బాలోని మిషన్ నూనె వేశాను. ఏడు బటన్లూ ఒక్కొక్కటే టక్కున దిగి, టక్కున లేచాయి. గ్రెగ్ కారెక్కుతూ, "మండే, ఎయిట్ ఓ క్లాక్. కోకోనట్ ఇంట్లోనే వదిలేసి రా" అన్నాడు.

ఆ సాయంత్రమే గీత మీద రాశాను: 'కొబ్బరినూనె వేశాను. ఇక్కడి చలి గురించి ఎవరినీ అడగలేదు.' అంకుల్ చదివి తల ఊపి, అట్టముక్కను తన చేత్తోనే మళ్లీ మిషన్‌కు కట్టారు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఆంటీ చాలా దూరాన, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఆ మిషన్‌ను నాకిచ్చారు. ఇంటికి తెచ్చి అట్టముక్క తిప్పి చూస్తే, వెనక ఆయన చేతిరాత ఉంది. 'నేను చేసిన తప్పు: ఫిబ్రవరిలోనే కొబ్బరినూనె వాసన తెలిసింది. ముప్పై చలికాలాలు ఇక్కడే గడిపినవాణ్ని, అది గడ్డకడుతుందని నాకూ తోచలేదు. పిల్ల ఒక్కత్తే నిలబడాల్సొచ్చింది.'

నేను బాగుచేసే ప్రతి మిషన్‌కూ ఇప్పుడు ఒక అట్టముక్క కడతాను. చివరి గీత నింపకుండా షాపు దాటనివ్వను.