మా వదిన రోజా మొగ్గలు

ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట నాలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. నా భర్తకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా చెప్పలేదు, ఆయనకు తెలుసు కదా అని సర్దుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. చూపు పోయిన మనిషిని నేను నాలుగు నెలలపాటు మోసం చేశాను. కోపంలో ఒకసారి చేసిన పని కాదు. రోజూ పొద్దున లేచి, ముఖం కడుక్కుని, కత్తెర తీసుకుని చేసిన పని.

ఆమె నా భర్తకు అక్క. రాయకోటలో ఇచ్చారు. మొగుడు పోయాక హోసూరులో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. వస్తూ వస్తూ అక్కడి పెరటిలోని పన్నీరు రోజా కొమ్మలు తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చిందట. నేను కాపురానికి వచ్చేసరికి వాకిలి పక్కన పదకొండు చెట్లు. మా ఊరి చల్లదనానికి విరగబూసేవి. వీధిలో ఏ ఆడపిల్ల జడలో పువ్వు చూసినా అది మా వదిన ఇచ్చిందే.

వాడిన పువ్వులు కోయడం నాకు నేర్పిందీ ఆమే. పువ్వు ఒక్కటే తుంచితే చాలదు. దాని కింద అయిదు చిట్టాకులున్న రెమ్మ ఎక్కడుందో చూసి, దానికి కాస్త పైన ఏటవాలుగా కోయాలి. ఆ చోటు నుంచే కొత్త చిగురు లేస్తుంది. ఆ చిగురు చివర మొగ్గ. నా వేళ్లు పట్టుకుని మరీ చూపించింది. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను.

నాకు రెండుసార్లు గర్భం నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఎదురింటామె అంటు పెట్టుకోవడానికి రోజా కొమ్మ అడిగితే నేను కోసివ్వబోయాను. వదిన నవ్వుతూ, "దాని చేత్తో వద్దమ్మా, నేనిస్తాను ఉండు. దాని చేతిలో ఏదీ నిలవదు" అంది. కొమ్మ గురించే అందేమో. కానీ ఎదురింటామె చప్పున నా కడుపు వైపు చూసింది. నేను లోపలికి వెళ్లి అన్నం వార్చాను. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఒక పూట గొడవతో పోయేది.

మరుసటి ఏడు షుగరు ఆమె కళ్లను తినేసింది. బెంగళూరు తీసుకెళ్లి చూపించాం. ఇంక లాభం లేదన్నారు. "వాడినవి నువ్వే కోయమ్మా ఇంక" అని కత్తెర నా చేతికిచ్చింది.

మొదట్లో సరిగ్గానే కోశాను. ఒకరోజు పొద్దున చిగుళ్ల చివర బఠాణీ గింజంత మొగ్గలు కనిపించాయి. వాటిని చూడగలిగింది నేనొక్కదాన్నే. నా భర్త తెల్లవారకముందే ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాడు, చెట్ల వైపు చూసే అలవాటు ఆయనకు లేదు. ఆ ఆలోచన వచ్చిన క్షణం నాకిప్పటికీ గుర్తుంది. ఒళ్లు వెచ్చబడింది. కోసేశాను, అన్నీ. కొంగులో వేసుకుని వెనక కాలువలో పారేశాను.

అప్పటి నుంచి అదే పని. ఆమె స్నానం చేసి వచ్చి, ముళ్లు గుచ్చుకుంటున్నా కొమ్మకొమ్మా తడిమేది. కోసిన మొన తగిలితే, ఇదివరకెప్పుడో వాడిన పువ్వు కోసిన చోటు అనుకునేది. నేను పక్కనే నిలబడి ఆ ముఖాన్ని చూసేదాన్ని. చూడటానికే నిలబడేదాన్ని. నేను అంత చెడ్డదాన్నా? ఆ నాలుగు నెలలూ అవును.

ఒకరోజు అడిగింది.

"మొగ్గ ఏమన్నా కనబడతా ఉందామ్మా?"

"లేదు వదినా. చిగురు వస్తా ఉండాది. మొగ్గే నిలవడం లేదు."

ఆ మాట ఏరి పెట్టుకుని అన్నాను. ఆమె చేయి కొమ్మ మీద ఆగిపోయింది. కొమ్మ వదలకుండానే అంది:

"ఆ పొద్దు నిన్ను ఒక మాట అన్నాను కదమ్మా. నవ్వులాటకు అనేసినాను. అదే నాకు తగిలింది. నన్ను మన్నించమ్మా."

అప్పుడు కూడా నా గుప్పిట్లో మొగ్గలున్నాయి. "అదంతా యాడ గుర్తుంది వదినా, పోనీ" అన్నాను. మరుసటి పొద్దున మళ్లీ కోశాను. నాకు కావలసింది క్షమాపణ అయితే అది దొరికింది. మరెందుకు కోశాను? భయమని చెప్పుకోవాలని ఉంది. భయం కాదు. బాగుండింది.

ఉగాది ముందు ఆమే చెట్లను తవ్వించి ఎదురింటామెకు ఇచ్చేసింది. రెండు నెలలు తిరగకుండా అక్కడ పూశాయి. ఎదురింటామె సంతోషంగా గిన్నెనిండా పువ్వులు తెచ్చి వదిన ఒళ్లో పెట్టింది. వదిన వాసన చూసింది. "చెట్టు మంచిదే. పాడయింది నా చెయ్యే" అంది. గిన్నె తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత వాకిట్లోకి రాలేదు. తులసికి నీళ్లు పోయడం కూడా మానేసింది.

ఆ మరుసటి ఏడు నాకు కూతురు పుట్టింది. బిడ్డను తెచ్చి వదిన ఒళ్లో పెట్టబోతే చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. "నా చెయ్యి తగలకూడదమ్మా. దూరంగానే ఉండనీ" అంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో పుట్టిన ఒకే ఒక్క బిడ్డ. ఒక్క మాట చెబితే ఆ చేతులు ముందుకు వచ్చేవి. నేను బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాను. అప్పటికి కోపం లేదు. సిగ్గు. ఆ సిగ్గు కోసం ఆమెను ఇంకో నాలుగేళ్లు అలాగే ఉంచాను. పాప ఏడిస్తే గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడి పాడేది. ముట్టుకునేది కాదు. అలాగే పోయింది.

చావుకు వచ్చినవాళ్లంతా నన్ను పొగిడారు, చూపులేని ఆడబిడ్డను కన్నతల్లిలా చూసుకున్నానని. ఈనాటికీ అంటారు. నా భర్త కూడా.

ఆమె చేతిలో ఏ దోషమూ లేదు. మొగ్గలు కోసింది నేను. ఈ రెండు మాటలూ రాయడానికి ఇవాళ మధ్యాహ్నమంతా పట్టింది. రాశాక నా కూతురు వచ్చి ఏం రాస్తున్నావమ్మా అని అడిగింది. కాగితం దాచలేదు.