నిరుటి మిరపకాయలూ నా టెలిస్కోపూ

ఆ రోజుల్లో డిగ్రీలో ఫిజిక్సు చదివి ఊళ్లో మిగిలినవాడికి రెండే పనులు: ట్యుటోరియల్లో పాఠాలు చెప్పడం, బయట కోతలు కోయడం. మొదటిదాంట్లో నేను కొత్తవాణ్ణి, రెండోదాంట్లో ఆరితేరినవాణ్ణి. తొంభైల చివర ఒక ఎండాకాలం, వినుకొండ దగ్గర మా మేనమామ మిర్చి కల్లంలో, ఆదివారం పేపర్లో వచ్చిన గెలాక్సీల ఫొటో పట్టుకుని, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లకీ కాపలా తాతకీ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"ఈ ఫొటో తీసిన టెలిస్కోపు ఆకాశంలోనే తిరుగుతుంది. ఎండకి కల్లం మీద గాలి అల్లాడుతోంది చూడండి, కింద నుంచి చూస్తే చుక్కలూ అట్లాగే వణుకుతాయి. గాలి దాటి పైకెళ్తే వణుకే లేదు. దాని అద్దం మన కల్లమంత!" (నిజానికి నులకమంచం కన్నా కాస్త పెద్దది. మంచమంత అంటే కల్లంలో ఎవరు వింటారు?) "ఖాళీ అనుకున్న గోరంత ఆకాశాన్ని రోజుల తరబడి చూస్తే వేల గెలాక్సీలు బయటపడ్డాయి! ఆ వెలుగు రావడానికి కోట్ల ఏళ్లు పట్టింది. అంటే దానికి కనపడేదంతా పాతకాలమే!" అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "ఇటు తిప్పితే మన కల్లంలో పాత సంగతులూ చూపిస్తుంది" అనేశాను.

కాపలా తాత చుట్ట ఆర్పాడు. "అయితే బాబూ, నిరుడు పోయిన అరబస్తా కాయలు ఎవరెత్తారో దాన్నడుగు. ఏడాదిగా ఆ మాట నా నెత్తినే ఉంది."

"అడగరా!" అని లేచాడు మామయ్య. "ఇవాళ తేలకపోతే కాపలాకి వేరేవాణ్ణి చూసుకుంటా."

ఎత్తింది నేనే. ఐసుబండివాడు కల్లాల్లో గుప్పెడు కాయలకి ఒక ఐసు ఇచ్చేవాడు. స్నేహితులందరి ముందూ దొరలా పంచాలనుకున్నవాడికి గుప్పెడేం సరిపోతుంది?

"టెలిస్కోపు అక్కర్లేదు మామయ్యా. నేనే."

"అరబస్తా ఐసులా! నీ నాలిక ఊడలేదంట్రా?" అంది ఒకామె. కల్లమంతా గొల్లుమంది. మామయ్య నవ్వలేదు.

తాత మెల్లిగా అన్నాడు. "నాకు నిరుడే తెలుసు బాబూ. నీ గోతానికి చిల్లు. ఐసుబండి దాకా కాయలు రాలాయి. మీ మామ చూస్తే తంతాడని నేనే ఏరేశా. నువ్వే చెబుతావని చూస్తన్నా."

మామయ్య వేసిన శిక్ష: ఆ సీజనంతా తాత నీడన మంచం మీద, నేను ఎండలో కాపలా.

ఇప్పుడు అంతకన్నా పెద్ద టెలిస్కోపులు పైకెళ్లాయి. కొత్త ఫొటో వచ్చినప్పుడల్లా కళ్లద్దాలు తుడుచుకుని చూస్తాను. చిల్లుగోతం భుజానేసుకుని, వెనక్కి చూడకుండా పోతున్న ఒక కోతలరాయుడు కనిపిస్తాడు. పిలుద్దామనుకుంటాను. ఐసు కరిగిపోతుందేమోనని ఊరుకుంటాను.