సుబ్బమ్మత్త బతికించిన చీనీ తోట

ఈ ఉదయం బకెట్లో సున్నం వేసి నీళ్లు పోశాను. అది చుర్రుమని పొంగి ఘాటు ముక్కుకు తగలగానే సుబ్బమ్మత్త నా పక్కనే నిలబడినట్టనిపించింది. శింగనమల దగ్గర ఆమె తోట మా తోటను ఆనుకుని ఉండేది. చుట్టరికం లేదు, వరసకు అత్త. మొగుడు పోయాక ఒంటిచేత్తో చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, పెంచిన మనిషి. నోరు మాత్రం పచ్చిమిరపకాయే.

తొంభైల చివర్లో, ఇంట్లో అందరితో పోట్లాడి మరీ వేరుశనగ మాన్పించి చీనీ పెట్టించింది నేను. తీరా తొలి కాపు ముందు ఆకులు పసుపుబారాయి. మొదళ్ల దగ్గర బెరడు పగిలి జిగురు కారింది. కరువులో పుట్టినవాళ్లం, మాకు తెలిసిన మందు నీళ్లొక్కటే. బోరు వేసి పాదుల నిండా నీళ్లు పెట్టాం. చెట్లు ఇంకా వాడిపోయాయి.

"పీకేసి మళ్లా శనక్కాయలే ఏసుకుందాం," అన్నాడు మా ఆయన. నాకు ఏడుపు ఆగలేదు.

అత్త వచ్చి ఒక చెట్టు దగ్గర తవ్వి వేరు పట్టుకుంది. దాని తోలు ఆమె వేళ్ల మధ్యే ఊడి వచ్చింది.

"దప్పికనుకుంటివా అమ్మీ? ఇది మునిగి సస్తాండాది."

"ఈ కరువులో నీళ్లెక్కువై సస్తాదా అత్తా?"

"సస్తాది. నీళ్లు వేరు కొసలకు పెట్టాల, మొదలుకు గాదు."

ఆ రోజే కొంగు దోపాం. మొదళ్ల చుట్టూ మన్ను ఎగదోసి, నీళ్లు దూరంగా పారేలా పాదులు మార్చాం. కుళ్లిన బెరడు గీకేశాం. గీకిన చోట పూయడానికి మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపాక అత్త అందులో కొడవలి ముంచి తీసింది. మొన ఎర్రబడింది.

"సున్నం సాల్లేదు. ఇట్లనే పూస్తే బెరడు కాలుతాది."

ఇంకాస్త సున్నం పడ్డాక కొడవలి తెల్లగానే వచ్చింది. పరీక్ష పాసైనంత సంబరం నాకు. కొన్ని చెట్లు దక్కలేదు, వాటిని పీకి తగలబెట్టాం. మిగిలినవి కొన్ని వారాలకు చిగురు తొడిగాయి. మన్ను తీసి చూస్తే తెల్లటి కొత్త వేళ్లు. గట్టు దాకా పరుగెత్తి అత్తను కేకలేసి పిలిచాను.

"అరవాకమ్మీ, చెట్లు బెదురుకుంటాయి," అంటూనే ఆమె నాకంటే ముందు పరుగెత్తింది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పెద్ద వాన కొడితే ఊరంతా మురిసిపోతూ వాకిళ్లలో నిలబడుతుంది. నేను పార తీసుకుని తోటకు పరుగెడతాను.

"ఏమక్కా, మన సీమలో వాన నీళ్లు బయటికి ఇడుస్తాండావే?" అంటారు దారిన పోయేవాళ్లు.

నా ప్రాణమూ ఉసూరుమంటుంది. అయినా గట్టు తెగ్గొడతాను.