నిండుకున్నాయన్న కబురు

బందరులో పొద్దున్నే బయలుదేరే బండిలో కిటికీ పక్కన చోటు దొరికిందంటే నాకు నిద్ర ఖాయం. నన్ను ప్రయాణాలకు పంపడం శుద్ధ దండగని మా ఇంట్లో అంటారు. ఎక్కిన చోట మూసిన కళ్లు దిగేచోట తెరుస్తానట. అయినా ఈసారి నన్నే పంపారు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు, వీధి మొత్తానికి ఖాళీగా ఉన్న మగమనిషిని నేనొక్కణ్ణే.

పంపినవారు మా వీధి సుభద్రమ్మ పిన్నిగారు. చలికాలం మొదట్లో వచ్చిన గాలివానకు దివిసీమ పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కింది, చేతికి రావలసిన వరి చేలోనే కుళ్లిపోయింది. ఆ వారంలోనే పిన్నిగారు ఇల్లిల్లూ తిరిగి తలా ఒక చిన్న కుండ ఇచ్చి వచ్చారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు ఆ కుండలో వేయాలి, అంతే. ఆదివారంనాడు ఆడవాళ్లు జట్లుగా బయలుదేరి ఆ బియ్యం పోగుచేసేవారు. వాటికి గుప్పెడు కుండలని పేరు పడింది. ఆ బియ్యం రైలు మీద గుడివాడ వెళ్లి, అక్కడి రైతులిచ్చే బస్తాలతో కలిసి, కాలవ మీదుగా దివిసీమలో గంజి కాచే చోటికి చేరేవి.

పది రోజుల కిందట గుడివాడ నుంచి కబురొచ్చింది. దివిసీమలో గాదె నిండిందట, ఇక పంపనక్కరలేదట. అందరం సంతోషించాం. ఆ సంతోషంతోనే కుండలు ఒక్కొక్కటీ అటకెక్కాయి. పిన్నిగారికి మాత్రం మనసొప్పలేదు.

"నిండితే మంచిదే నాయనా. కాని కళ్లతో చూసిరా. ఒకసారి బోర్లించిన కుండను మళ్లీ నిలబెట్టించడం నా తరం కాదు," అన్నారు.

మంగళవారం తెల్లవారీ తెల్లవారకముందే బండి కదిలింది. బయట మంచు. ఆ మంచులో తాటిచెట్ల తలలు మాత్రమే కనపడుతూ, కాళ్లు లేకుండా నడుస్తున్నట్టు వెనక్కి పోయేవి. పెడనలో బట్టల మూటతో ఒక నేత పనివాడు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను వెళ్తున్న పని చెబితే, వాళ్ల వీధిలోనూ కుండలు పెట్టారని, నిండిందన్నాక తీసేశారని చెప్పాడు.

"మా ఆవిడకి మాత్రం చెయ్యి ఆగటల్లేదండి. కుండ లేకపోయినా గుప్పెడు తీసి పక్కన పెడతానే ఉంది. మళ్లీ తనే తెల్లబోయి ఎసట్లో పోస్తంది," అన్నాడు.

నేను నవ్వాను. కవుతరం వచ్చిందో లేదో, గుడ్లవల్లేరు ఎప్పుడు దాటిందో నన్నడగవద్దు. గుడివాడలో ఆ మనిషే నన్ను తట్టి లేపాడు.

గుడివాడలో దిగేవారికి ఒక మాట. స్టేషను ఎదుట ఇడ్లీ తిని సరిపెట్టుకోకండి. బజారు వెనక పూటకూళ్లింట్లో పదిగంటలకే వేడివేడిగా వడ్డిస్తారు. నాకు ఆ రోజు గుమ్మడికాయ పులుసు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు దొరికాయి. తిన్న తరవాత నడవడం కష్టమే గాని, ధాన్యం మర దగ్గరే. అక్కడ వెంకట్రామయ్య గారని, ఊళ్లో రైతులందరి చేతా బస్తాలు ఇప్పిస్తున్న పెద్దాయన, నన్ను కొట్టులోకి తీసుకెళ్లాడు. గోడ పొడుగునా బస్తాలు. అన్నీ దివిసీమ కోసం ఇచ్చినవే, పది రోజులుగా కదలకుండా ఉన్నాయి.

"అక్కడ నిండాయన్నారు కదండీ. ఇంకా పంపితే ఎక్కడ పోసుకుంటారు? రైతులు ఎవరివి వాళ్లు తీసుకుపోతామంటున్నారు. శుక్రవారం షావుకారు బండ్లు వస్తాయి, మిగిలినవి వాటికెత్తించేస్తాను," అన్నాడాయన.

నేను చూసి వచ్చేదాకా ఆగమని అడిగాను. శుక్రవారం వరకైతే సరేనన్నాడు.

పామర్రు దాకా బస్సు. ఎముకలు వేటికవి విడిపోయేలా తెచ్చి పడేసింది. అక్కడ పడవెక్కగానే లోకం మారిపోయింది. ఆ పడవ ప్రయాణం గురించి ఏం రాయమంటారు? నీళ్లు కదులుతున్నాయో, గట్లు కదులుతున్నాయో తెలియదు. గెడ వేసేవాడు పడవ అంచు మీద ముందు నుంచి వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు వచ్చి, మళ్లీ వెనక్కి నడుస్తాడు. అతను నడుస్తున్నాడు కాబట్టి ఊళ్లు దాటుతున్నాయి. బట్టలుతికే చప్పుడు, ఎవరో ఎవరినో భోజనానికి పిలవడం, చెరకు రసం కాగుతున్న వాసన, అన్నీ నా నిద్రలోకే వచ్చి వెళ్లాయి. ఆ నిద్రలో నాకు దివిసీమ గాదె కనిపించింది. తెల్లగా, అంచుల దాకా బియ్యం. పిల్లలు దాని మీదకెక్కి జారుతున్నారు.

మెలకువ వచ్చేసరికి లాకుల మధ్య ఉన్నాం. అక్కడ ఎగువ నుంచి వచ్చిన పైపడవ దిగి, దిగువకు పోయే కిందిపడవ ఎక్కాలి. లాకుల మీద పనిచేసే రంగస్వామి గారిది చెంగల్పట్టు వైపు. తెలుగు ఈ కాలవ గట్టు మీదే నేర్చుకున్నాడు. పొద్దస్తమానం ఆయన నోట రెండే కేకలు. లాకులోకి నీరు వచ్చి పడవ పైకి తేలితే "నిండింది, తలుపు తియ్యి" అని ఒకటి, నీరు పోయి పడవ దిగితే "తగ్గింది, తలుపు తియ్యి" అని ఇంకొకటి. నాకు కాఫీ ఇచ్చి, దివిసీమలో నిండిన సంగతి పైకి అందించింది తానేనని సంబరంగా చెప్పుకున్నాడు. కింద నుంచి కోటయ్య అనే సరంగు వచ్చి చెప్పాడట. విన్న వెంటనే బస్తాలతో వస్తున్న పడవలను వెనక్కి తిప్పించాడట. చేసిన మేలుకు ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఆ కోటయ్య పడవలోనే నేను పులిగడ్డ రేవుకు వెళ్లాను. అతను ఏమైనా చెప్పి ఉంటే నేను వినలేదు, మళ్లీ పడుకున్నాను. రేవు దగ్గర కృష్ణ దాటాలి. ఆ కాలంలో నీరు సన్నగిల్లి, ఇసుక మీద చాలాసేపు నడవాల్సి వచ్చింది. కోటయ్య నాకు తోడు వచ్చాడు. పొద్దు వాలుతుంటే ఇసుకంతా పసుపుగా మెరిసింది. గంజి కాచే పాక అవతలి గట్టు దాటగానే ఉంది.

పాకను నడిపే మాణిక్యమ్మ గారు పెద్ద రైతు భార్య, ఇప్పుడు ఒంటరి మనిషి. గాలివాన మర్నాడే తన ఇంటి గాదె తీసి వీధిలో గంజి కాచడం మొదలుపెట్టింది. నన్ను చూసి పీట వేసి, ఆకులో కాల్చిన తేగలు పెట్టి, మజ్జిగ ఇచ్చింది. చుట్టూ పదిమంది పిల్లలు తేగలే నములుతూ కూర్చున్నారు. గంజి కుండలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఈ పూట వంట అయిపోయిందేమో అనుకున్నాను.

"మీ గాదె చూసి రమ్మన్నారమ్మా," అన్నాను.

ఆవిడ ముఖం కొంచెం వాడింది. చూడండన్నట్టు చెయ్యి చూపింది. నేను లోపలికి తొంగి చూశాను. బియ్యపు పిండి వాసన తప్ప ఏమీ లేదు.

"నిండుకున్నాయండి. పది రోజులైంది," అందావిడ.

నా నిద్ర అక్కడ వదిలింది. నిండుకున్నాయి! మా అమ్మ అనేది, మా ఆవిడ అంటుంది, బియ్యం డబ్బా అడుగంటిన ప్రతి ఇంట్లోనూ అనే మాట. మనం బియ్యం లేవనం, నిండుకున్నాయంటాం. లాకు నిండడం తప్ప ఇంకో నిండడం తెలియని ఆ చెంగల్పట్టు పెద్దమనిషికి ఎవరు చెబుతారు ఈ సంగతి?

కోటయ్య తలగోక్కున్నాడు. "రెండుసార్లు చెప్పానండి ఆయనకి. రెండుసార్లూ సంతోషం అన్నాడండి. పెద్దాయన నవ్వాడు కదా, బస్తాలు వస్తన్నాయేమో అనుకున్నా."

నేను మాణిక్యమ్మ గారికి జరిగిందంతా చెప్పాను. గుడివాడలో బస్తాలున్నాయని, శుక్రవారం దాటితే ఉండవని, ఈసారి అర్థమయ్యే మాట పంపాలని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పదిమందికి పెట్టే ఇంట్లో ఆ మాట ఎట్లా అంటామండీ? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నేను అనటమూ, వాళ్లు తథాస్తనటమూ అయితే? ఇంత కష్టంలోనూ నా నోట ఆ మాట రాలేదు," అంది.

ఆ మాట నేను చెబుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంటి మాట ఇంటివాళ్లే చెప్పాలట, పరాయివాళ్ల చేత అనిపిస్తే ఇంకా అరిష్టమట. ఇంతలో ఒక ముసలాయన ముంత పట్టుకుని వచ్చి, ఏమీ అడగకుండా ఒక పక్కన నిలబడ్డాడు. ఆవిడ అతని ముంతలోకి చూసి, తరవాత నా వైపు తిరిగింది.

"బియ్యం లేవండి," అంది.

లేవండి అనగానే నేను నిజంగానే పీట మీద నుంచి లేచి నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని మాతోపాటు ఏటిదాకా నడిచి వచ్చింది. ఇసుకలో నిలబడి కోటయ్యతో, పిల్లలకు పాఠం చెప్పినట్టు విడివిడిగా చెప్పింది. "బియ్యం లేవు. గింజ లేదు. ఇట్టాగే చెప్పు కోటయ్యా, మాట మార్చబాకు." చెప్పి వంగి, కృష్ణ నీళ్లు దోసిట్లోకి తీసుకుని మూడుసార్లు పుక్కిలించి ఉమ్మింది.

బుధవారం ఎదురు ప్రయాణం. తాళ్లు కట్టి మనుషులు గట్టు మీద నుంచి పడవ లాగుతుంటే నేను మొదటిసారి కాలవను మేలుకుని చూశాను. లాకుల దగ్గర కోటయ్య దిగి, రంగస్వామి గారి ఎదుట నిలబడి, అప్పగించిన మాటలు అప్పగించినట్టే చెప్పాడు. ఆయన మొదట నమ్మలేదు. నేను విడమరిచి చెప్పాక తల పట్టుకుని కూర్చున్నాడు.

"నిండుకోవడమంటే ఖాళీ కావడమా? ఇదేం భాష స్వామీ," అన్నాడు.

భోజనం మానేసి, నాకంటే ముందే సైకిలు మీద ఒక మనిషిని గుడివాడ పంపించాడు. గురువారం నేను మర చేరేసరికి వెంకట్రామయ్య గారు స్వయంగా బస్తాలు ఎత్తిస్తున్నాడు. హైస్కూలు పిల్లలు, మరలో కూలీలు, తమ బస్తాలు తీసుకుపోవడానికి వచ్చిన రైతులే వాటిని మళ్లీ భుజాన వేసుకుని బండ్లకెక్కిస్తున్నారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. తాము ఇన్నాళ్లూ కడుపు నిండా తిన్నామన్న సిగ్గే ఉంది. నేనూ ఒక బస్తా ఎత్తబోయి నడుం పట్టించుకుని, పక్కన కూర్చుని నీళ్లందించాను.

నడుం నొప్పికి గుడివాడలోనే ఆగిపోయి, ఆదివారం మధ్యాహ్నం బందరు బండి కోసం ప్లాట్‌ఫారం మీద ఉండగా కోటయ్య పరుగున వచ్చాడు. బస్తాలన్నీ చేరాయట, శనివారం పొద్దున్న గంజి కాచారట. నన్ను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం దాని కోసం కాదు.

"అమ్మగారు ఒక మాట చెప్పమన్నారండి. ఆ రోజు అన్న మాట ఎనక్కి తీసుకున్నానని చెప్పమన్నారు," అన్నాడు.

ఎవరికి చెప్పమన్నారని అడిగితే, విన్నవాళ్లందరికీ అన్నాడు. ఆ అందరిలో పైనున్న దేవతలు కూడా ఉన్నారని నాకు అర్థమైంది.

బండి కదిలింది. దివిసీమ వెళ్లదలచినవారికి దారి చెప్పాను. పామర్రు బస్సులో వెనక కూర్చోకండి, పులిగడ్డ ఇసుకలో చెప్పులు చేత పట్టుకోండి. అక్కడ ఎవరైనా నిండుకుందంటే నిద్ర మానేయండి. ఇంతకు మించి నేను చూసి వచ్చిందేమీ లేదు. పెడన దాకా మేలుకునే ఉన్నాను. పిన్నిగారితో ఏ ఇంటికి ముందు వెళ్లాలో, అటక మీది కుండలు ఎవరి చేత దింపించాలో ఆలోచించుకుంటూనే ఉన్నాను. తరవాత ఎండ, చల్లగాలి, తాటిచెట్లు. గుప్పెళ్లు గుప్పెళ్లుగా బియ్యం ఎక్కడో పడుతున్న చప్పుడు.

ఎవరో ముసలమ్మ నా భుజం తడుతోంది.

"లేవండి బాబూ," అంటోంది. "లేవండి."

"ఎందుకు లేవమ్మా? నిండాయిగా," అన్నాను.

కళ్లు తెరిస్తే బందరు వచ్చింది.