వెనక చక్రం

భార్గవ్ ట్రాక్టరు కొన్నాడన్న వార్త జగిత్యాలలో ఒక్క పూటలో పాకిపోయింది. నిజానికి కొన్నది అతను కాదు, అతని ఓనరు గ్రాంట్. అదీ కొత్తది కాదు. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి న్యూజిలాండ్ చేరిన బుల్లి ట్రాక్టరు, మన పొలాల్లో తిరిగేదాంట్లో సగం కూడా ఉండదు. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పడ్డాక ఈ వివరాలు ఎవరికి కావాలి? బాబాయిలు చప్పట్ల బొమ్మలు పెట్టారు. తల్లి సత్యమ్మ వీధి వీధంతా ఫోను తిప్పి చూపించింది. భార్గవ్ కూడా కాదనలేదు. బిజినెస్ డిప్లొమా చదవడానికి న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వచ్చి, చివరికి ఊళ్ళో వాళ్ళ గడ్డి కోస్తున్నానని చెప్పుకోవడానికి మొహం చెల్లక ఇన్నేళ్ళూ 'గార్డెన్ కంపెనీ' అని నెట్టుకొచ్చిన మనిషి. ఒక్క రోజు మోతుబరి అనిపించుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

ఆ ఫొటోలో ట్రాక్టరు వెనక తెల్లటి రాళ్ళు వరసగా ఉన్నాయి. జగిత్యాలలో ఎవరూ వాటిని పట్టించుకోలేదు. భార్య ప్రణీత పట్టించుకుంది. ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత ఫోను బ్యాగులో వేసుకుని, తను పనిచేసే వృద్ధుల హోముకు డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ రాళ్ళ సంగతి తెలియాలంటే 2013 చలికాలానికి పోవాలి. వాళ్ళకు నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. ఆపరేషన్ అయిన ప్రణీత ఆసుపత్రి మంచం మీద నుంచి లేవలేని స్థితిలో ఉంది. ఫోనులో సత్యమ్మ ఏడుస్తూనే పద్ధతులు చెప్పింది.

"పసిగుడ్డును కాల్చద్దు బిడ్డా, మట్టిల పెట్టు. రాయి గీయి ఏం పెట్టకు. ఎనకకు తిరిగి సూడకుండ ఇంటికి రా. ఆ జాగ ప్రణీతకు మాత్రం సూపియ్యకు. మళ్ల దాని కడుపు పండాలె."

ఊరి బయట తెల్లటి సమాధి రాళ్ళున్న ఒక పాత శ్మశానం. దాని చివర, కంచెలా పెరిగిన చెట్ల పక్కన పసిపిల్లల వరస. భార్గవ్ తల్లి చెప్పినట్టే చేశాడు. రాయి పెట్టలేదు. ఆనవాలుగా అక్కడివాళ్ళు పాతిన చిన్న చెక్క మేకు ఒక్కటే మిగిలింది. గేటు దాకా తల తిప్పకుండా నడిచాడు.

నడిచాడు గానీ ఇంట్లో ఉండలేకపోయాడు. కొన్నాళ్ళకు గ్రాంట్ దగ్గర గడ్డి కోసే పని ఉందని విన్నాడు. బడి, రగ్బీ మైదానం, ఆ శ్మశానం, అన్నీ గ్రాంట్ కాంట్రాక్టులోవే. ఆఫీసు ఉద్యోగం ఇప్పిస్తానన్న స్నేహితుణ్ణి కాదని ఆ పనిలో చేరాడు. ప్రణీతకు బడి గురించి, మైదానం గురించి చెప్పాడు. మూడోది మింగేశాడు.

అప్పట్లో అతనికి ఇచ్చింది రైడాన్, అంటే కూర్చుని నడిపే గడ్డికోత మిషను. పెద్ద కుర్చీ అంత ఉంటుంది. బ్లేడు సీటు కిందే తిరుగుతుంది కాబట్టి ముందుకు చూసుకుంటే చాలు. పెడల్ మీంచి కాలు తీస్తే అక్కడికక్కడే ఆగుతుంది. ఎంత మెత్తటి నేల మీదైనా చప్పున తిరుగుతుంది. పిల్లల వరస దగ్గరికి రాగానే మిషను ఆపి, దిగి, ఆ మేకు చుట్టూ గడ్డిని కత్తెరతో కత్తిరించేవాడు. ఎవరూ లేకపోతే తెలుగులో నాలుగు మాటలు చెప్పేవాడు. పొద్దున ఏం తిన్నాడో, నానమ్మ ఫోనులో ఏమందో. కళ్ళు తుడుచుకుని మళ్ళీ బండెక్కేవాడు.

ఇంట్లో ఆ పిల్ల ఊసు ఎత్తేవాడు కాదు. బాత్రూములో కుళాయి వదిలి ప్రణీత ఏడుస్తుంటే బయట సోఫాలో టీవీ సౌండు పెంచేవాడు. ఏడవడానికి తనకొక చోటుంది, ఆమెకు లేదు. అది అతనికి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదంటే దానికి తల్లి మాట అనే పేరు ఎంత పెట్టుకున్నా, స్వార్థం స్వార్థమే.

2017లో రైడాన్ ఇంజను చచ్చిపోయింది. గ్రాంట్ ఈ ట్రాక్టరు తెచ్చాడు. ఇక మొదలైంది భార్గవ్ అవస్థ. దీనికి కోత మిషను వెనక తగిలించి ఉంటుంది. బండి ఎడమకు తిరిగితే ఆ తోక కుడికి విసురుగా వెళుతుంది. మొదటి రోజే ఎవరిదో పూల కుండీ పగిలింది. రెండో రోజు తల పైనున్న ఇనప కడ్డీ కొమ్మకు తగిలి, కొమ్మ విరిగి ఒళ్ళో పడింది. గ్రాంట్ పక్కన నడుస్తూ గొంతు చించుకున్నాడు.

"వెనక్కి చూడు బార్గ్! నీ పనంతా నీ వీపు వెనకే ఉంది. ఎప్పుడూ ముందుకే చూస్తావేంటి?"

అన్నిటికంటే కాలు తంటా పెట్టింది. ట్రాక్టరు ఆగాలంటే క్లచ్ తొక్కాలి. కాలు ఎత్తేస్తే అది ఆగదు, పోతూనే ఉంటుంది. నాలుగేళ్ళు కాలు తీసి బండి ఆపిన మనిషికి ఈ తిరకాసు ఒంటబట్టలేదు. పిల్లల వరస దగ్గర నేల మెత్తన, అక్కడికి బండి పోనివ్వద్దు, ఆ గడ్డి చేతి మిషనుతో కొట్టు అని గ్రాంట్ గట్టిగా చెప్పాడు. చెప్పాల్సిన పని లేదు. భార్గవ్‌కు ఆ భయం పగలూ రాత్రీ ఉంది. కానీ బండి తిప్పుకోవాలంటే ఆ వైపుకే రివర్సు రావాలి. ప్రతిసారీ చాలా ముందే ఆపేవాడు.

ఫొటో పెట్టిన వారమే, శనివారం. వాన వెలిసి నేల తడిగా ఉంది. వెనక మిషనును పైకెత్తి, మెల్లగా రివర్సులో వస్తున్నాడు. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైతే ముందుకు తిరిగాడు. కారు తమదే. ప్రణీత దిగింది. చేతిలో కవరు. సూటిగా అతని వైపే నడుస్తోంది.

భార్గవ్ ఆపాలనుకుని కాలు ఎత్తేశాడు.

బండి ఆగలేదు. వెనక ఏదో చిటుక్కుమంది, సీటు ఒక పక్కకు దిగింది. అప్పుడు గుర్తొచ్చి రెండు కాళ్ళతో క్లచ్, బ్రేకు రెండూ తొక్కేశాడు. తాళం తిప్పి ఇంజను ఆపి, బ్రేకు లాగి దిగి చూశాడు. వెనక చక్రం వరసలోకి ఎక్కి మట్టిలో దిగబడి ఉంది. ఎవరి మీద ఎక్కిందో మేకు చూసి తెలుసుకోవాల్సిన అవసరం అతనికి లేదు.

ప్రణీత దగ్గరికొచ్చింది. కవర్లో కుంకుమ పొట్లం, నిమ్మకాయలు.

"కొత్త బండి గద, చక్రం కింద నిమ్మకాయ పెడ్దామని వచ్చిన" అంది. ఆమె చూపు బండి మీద లేదు. "పాప ఎక్కడున్నది?"

"ప్రణీతా..."

"ఫొటోల రాళ్ళు చూసిన. నువ్వు ఈడికే వస్తున్నవని నాకు అర్థమైంది. తిట్టనీకి రాలే. చూసి పోత. ఎక్కడున్నది?"

ఇంకో మేకు చూపిస్తే సరిపోతుంది. ఆమెకేం తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. చెయ్యెత్తి చక్రాన్ని చూపించాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. వంగి చూసింది. విరిగిన మేకు ముక్క కనపడింది.

"దీని కిందనా?"

అతను తలూపాడు.

"ఇన్నేండ్లు నువ్వొక్కనివే చూసుకున్నవ్. నేను కన్నతల్లిని గద, నాకు చూపియ్యలే. ఇయ్యాల గిట్ల చూపిస్తున్నవా?"

"అమ్మ వద్దన్నది..." ఆ మాట అంటున్నప్పుడే నాలుక కోసుకోవాలనిపించింది.

"బండి దించు" అంది ప్రణీత.

ఎక్కాడు. క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు వేసి, అంగుళం అంగుళంగా వదిలాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఏ తప్పూ లేకుండా నడిపాడు. మెడ తిప్పి వెనక్కే చూస్తూ నడిపాడు. చక్రం లేచిన గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయి. ప్రణీత మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో మట్టి లోపలికి తోస్తోంది. తోసి, అరచేతులతో అదిమి, మళ్ళీ తోస్తోంది. నోట్లో ఏదో అంటోంది. ఇంజను చప్పుడుకు వినపడలేదు. ఇంజను ఆపేసరికి ఆమె మాటలు అయిపోయాయి.

దిగి వెళ్ళే ధైర్యం అతనికి లేకపోయింది. సీట్లోనే, మెడ నొప్పి పుడుతున్నా, అలాగే తిరిగి చూస్తూ కూర్చున్నాడు. ఆమె లేచి, మట్టి చేతులతోనే కవరు తీసుకుని, అతని పక్కనుంచే కారు దాకా నడిచింది. తలుపు తీసింది. భార్గవ్ కళ్ళార్పకుండా చూశాడు, ఒక్కసారి తిరుగుతుందేమోనని.

అత్తగారు చెప్పిన పద్ధతి ఆమె కూడా పాటించింది. వెనక్కి చూడలేదు. పాపనూ, అతన్నీ.